మొదటి ఇల్లు కొనేవాళ్లకు: రాయితీలు, అప్పు, క్రెడిట్ స్కోరుపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు కొనాలని అనుకున్న రోజు నుంచి చెవిన పడేవన్నీ రాయితీల కబుర్లే. అసలు కన్నా కొసరు ముద్దు అన్నట్టు, ఇరవై ముప్పై ఏళ్లు కట్టాల్సిన అప్పు గురించి పది నిమిషాలు మాట్లాడుకుంటే, ఒక్కసారి వచ్చే సబ్సిడీ గురించి పది రోజులు మాట్లాడుకుంటాం. ఇక్కడ రెండింటి గురించీ ఉంది గానీ, అసలుకే ఎక్కువ చోటిచ్చాను. రూల్స్ దేశానికో రకం కాబట్టి ఉదాహరణలు కొన్ని దేశాల నుంచి తీసుకున్నాను. మెలిక ఎక్కడ ఉంటుందో పట్టుకుంటే మీ దేశంలోని స్కీము చదవడం తేలికవుతుంది.

వడ్డీ లెక్కల్లో కరెన్సీ పెట్టలేదు. అప్పు 100 అనుకుని లెక్క వేశాను, మీది ఎంతైనా ఆ దామాషాలోనే ఉంటుంది.

"మొదటి ఇల్లు" అంటే నిజంగా జీవితంలో మొదటిదే అయి ఉండాలా?

అన్నిచోట్లా అలా కాదు. అమెరికాలో చాలా పథకాలకు గత మూడేళ్లలో సొంతిల్లు లేకపోతే చాలు, మీరు మొదటిసారి కొనేవాళ్ల కిందే లెక్క. పదేళ్ల క్రితం ఇల్లు కొని అమ్మేసినవాళ్లు కూడా అందులోకి వస్తారు. బ్రిటన్‌లో దీనికి పూర్తిగా తిరగేసిన లెక్క: ప్రపంచంలో ఎక్కడైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు మీ పేరిట ఇల్లు ఉంటే ఇక మొదటిసారి కాదు. వారసత్వంగా వచ్చిన వాటా కూడా అడ్డుపడుతుంది. భారత్‌లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన అయితే మనిషిని కాదు, కుటుంబాన్ని చూస్తుంది. భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు, వీళ్లలో ఎవరి పేరు మీదా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు.

అందుకే "నాకు ఇల్లు లేదు కదా" అని ధీమాగా ఉండొద్దు. నిర్వచనం చదివాకే మిగతా పేజీలు తిప్పండి.

రాయితీలు ఏయే రూపాల్లో వస్తాయి?

పేర్లు వందుంటాయి, దారులు మాత్రం కొన్నే. కొన్నిచోట్ల ప్రభుత్వం నేరుగా డబ్బిస్తుంది. ఆస్ట్రేలియా 2000 జూలై 1న మొదలుపెట్టిన ఫస్ట్ హోమ్ ఓనర్ గ్రాంట్ ఇలాంటిదే, అదే రోజు అమల్లోకి వచ్చిన జీఎస్‌టీ భారానికి విరుగుడుగా తెచ్చింది. కొన్నిచోట్ల వడ్డీలో కొంత భాగం ప్రభుత్వం భరిస్తుంది. భారత్‌లో 2024లో వచ్చిన ఆవాస్ యోజన పట్టణ 2.0లో వడ్డీ సబ్సిడీ గరిష్ఠంగా 1.80 లక్షల రూపాయలు, అదీ ఒకేసారి కాదు, ఐదు వార్షిక వాయిదాల్లో. కొన్నిచోట్ల స్టాంప్ డ్యూటీ తగ్గిస్తారు. ఇంగ్లండ్‌లో 2025 ఏప్రిల్ నుంచి మొదటిసారి కొనేవాళ్లు 3 లక్షల పౌండ్ల దాకా ఆ డ్యూటీ కట్టక్కర్లేదు. కానీ ఇంటి ధర 5 లక్షల పౌండ్లు దాటిందా, మినహాయింపు మొత్తానికే పోతుంది. ఆ గీత మీద ఉన్న ఇంటికి బేరం ఎంత గట్టిగా ఆడాలో వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో రకం, పొదుపుకి బోనస్ ఇవ్వడం లేదా పన్ను తగ్గించడం. కెనడాలో 2023 ఏప్రిల్ 1 నుంచి ఉన్న ఫస్ట్ హోమ్ సేవింగ్స్ అకౌంట్‌లో ఏడాదికి 8,000 డాలర్లు, మొత్తం 40,000 దాకా వేసుకోవచ్చు. వేసినప్పుడు పన్ను తగ్గుతుంది, ఇంటి కోసం తీసినప్పుడూ పన్ను పడదు. చివరిది ప్రభుత్వ హామీ. చేతికి రూపాయి రాదు గానీ, తక్కువ డౌన్ పేమెంట్‌కే బ్యాంకు అప్పు ఇచ్చేలా ప్రభుత్వం పూచీ పడుతుంది. చూడ్డానికి రాయితీలా అనిపించదు, కానీ పెద్ద మొత్తం కూడబెట్టలేనివాళ్లకు నా లెక్కలో ఇదే అన్నిటికన్నా పెద్ద సాయం.

పన్ను క్రెడిట్, పన్ను మినహాయింపు ఒకటేనా?

కాదు, తేడా చాలా ఉంది. క్రెడిట్ అంటే మీరు కట్టాల్సిన పన్నులోంచే కోత. 100 క్రెడిట్ వస్తే పన్ను 100 తగ్గుతుంది. మినహాయింపు అంటే పన్ను వేసే ఆదాయంలోంచి కోత. 20 శాతం పన్ను కట్టేవాళ్లకు 100 మినహాయింపు వల్ల మిగిలేది 20 మాత్రమే. అమ్మేవాళ్లు చూపించే కాగితాల్లో ఈ రెండూ ఒకే వరుసలో కూర్చుని ఉంటాయి, జాగ్రత్త.

పైగా మినహాయింపు అందరికీ అందదు. భారత్‌లో పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు, తాము ఉంటున్న ఇంటి అప్పు వడ్డీపై ఏడాదికి 2 లక్షల రూపాయల వరకు మినహాయింపు ఉంది. కొత్త విధానంలో ఉన్నవాళ్లకు అది లేదు. కాబట్టి "ట్యాక్స్ కలిసొస్తుంది" అని ఎవరైనా అంటే, ఏ విధానంలో అని అడగండి.

ఇచ్చిన రాయితీ మళ్లీ వెనక్కి తీసుకుంటారా?

తీసుకోవచ్చు. దీనికి అమెరికా కథే చెప్పాలి. 2008లో ఇళ్ల మార్కెట్ కుప్పకూలినప్పుడు అక్కడి ప్రభుత్వం మొదటిసారి కొనేవాళ్లకు 7,500 డాలర్ల వరకు పన్ను క్రెడిట్ ప్రకటించింది. పేరు క్రెడిటే, నిజానికి అది వడ్డీ లేని అప్పు. పదిహేనేళ్లపాటు ఏటా పన్నుతో పాటు తిరిగి కట్టాలి. మరుసటి ఏడాది కొత్త చట్టం వచ్చింది. 2009లో కొన్నవాళ్లకు 8,000 వరకు ఇచ్చారు, మూడేళ్లు ఆ ఇంట్లోనే ఉంటే తిరిగి ఇవ్వక్కర్లేదు. అంటే 2008 డిసెంబర్‌లో కొన్నవాళ్లకు అప్పు, 2009 జనవరిలో కొన్నవాళ్లకు కానుక. పేరు ఒకటే, మధ్యలో ఒక్క నెల. డిసెంబర్‌లో కొన్నవాళ్లు ఆ తర్వాత పదిహేనేళ్లు ఏటా ఆ వాయిదా కట్టుకుంటూ ఏమనుకుని ఉంటారో ఊహించుకోవచ్చు.

బ్రిటన్ లైఫ్‌టైమ్ ఐసా అనే పొదుపు ఖాతాలో మెలిక ఇంకో రకం. మీరు వేసినదానిపై ప్రభుత్వం 25 శాతం బోనస్ ఇస్తుంది. కానీ 450,000 పౌండ్ల లోపు మొదటి ఇంటికో, అరవై ఏళ్లు నిండాకో తప్ప తీస్తే 25 శాతం కోత. ఇచ్చిందీ 25, కోసేదీ 25, లెక్క సరిపోయింది కదా అనిపిస్తుంది. కాగితం మీద వేసి చూడండి. మీరు 80 వేశారు, బోనస్ 20, మొత్తం 100. ఇప్పుడు కోత 100 మీద పడుతుంది. 25 పోగా చేతికి వచ్చేది 75. బోనస్ పోవడమే కాదు, మీ సొంత డబ్బులోంచి కూడా 5 పోయింది.

ఏ స్కీమైనా సరే మూడు సంగతులు అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి: ఎన్నేళ్లు ఆ ఇంట్లోనే ఉండాలి, మధ్యలో అమ్మితే లేదా అద్దెకిస్తే ఏమవుతుంది, తిరిగి కట్టాల్సి వస్తే ఇచ్చిన మొత్తమా లేక పెరిగిన ఇంటి విలువలో వాటానా. ఇంగ్లండ్‌లో 2013 నుంచి 2023 దాకా నడిచిన హెల్ప్ టు బై ఈక్విటీ లోన్‌లో ఆ చివరిదే జరిగింది. ఇంటి ధరలో 20 శాతం ప్రభుత్వం ఇస్తే, తీర్చేటప్పుడు అప్పటి మార్కెట్ విలువలో 20 శాతం కట్టాలి.

రాయితీ ఇస్తే అమ్మేవాళ్లు ధర పెంచేయరా?

ఇళ్లు తక్కువగా ఉన్నచోట పెంచుతారు. కొనేవాళ్లందరి చేతికీ ఒకేసారి అదనంగా డబ్బొస్తే, ఆ ఇంటి కోసం వేలం పాట అంతమేర పైనుంచే మొదలవుతుంది. కొత్త ఇళ్లు జోరుగా కడుతున్నచోట ఈ ప్రభావం తక్కువ. "స్కీము కలిపి ధర" అని ఎవరైనా చెబితే, స్కీము లేకుండా ధర ఎంతో కూడా అడగండి.

అప్పు రావాలంటే క్రెడిట్ స్కోరు ఎంత ఉండాలి?

అప్పులు ఎలా తీర్చారో చూసి మీకు వేసే అంకే క్రెడిట్ స్కోరు. ముందు మీ దేశపు కొలబద్ద తెలుసుకోండి. అమెరికా ఫైకో స్కోరు 300 నుంచి 850 దాకా, భారత్‌లో సిబిల్ 300 నుంచి 900 దాకా ఉంటాయి. ఒకచోటి 750, ఇంకోచోటి 750 ఒకటి కావు.

కనీసం ఇంత ఉండాలనే నియమం కొన్ని పథకాలకే ఉంటుంది. అమెరికాలో 1934 నుంచి ఉన్న ఎఫ్‌హెచ్‌ఏ (ప్రభుత్వ గృహ రుణ సంస్థ) హామీ అప్పుకు 580 ఉంటే 3.5 శాతం డౌన్ పేమెంట్ చాలు. 500 నుంచి 579 మధ్య ఉంటే 10 శాతం పెట్టాలి. మామూలు గృహ రుణాల్లో మాత్రం స్కోరు తలుపులా పనిచేయదు, మెట్ల లాంటిది. అప్పు ఇస్తారా ఇవ్వరా అన్నది ఒక్కటే కాదు, ఏ మెట్టు మీద ఉన్నారో దాన్నిబట్టి వడ్డీ మారుతుంది. మెట్టు అంచుకు నాలుగైదు పాయింట్ల దూరంలో ఉంటే, రెండు నెలలు ఆగి దరఖాస్తు చేయడం మేలు.

స్కోరు దేన్నిబట్టి వస్తుంది? పెంచుకోవడం ఎలా?

ఫైకో తన లెక్కను బయటికే చెప్పింది. వాయిదాలు టైముకి కట్టారా అన్నదానికి 35 శాతం, ఎంత బాకీ ఉన్నారన్నదానికి 30, ఖాతాల వయసుకి 15, కొత్తగా తీసుకున్న అప్పులకు 10, రకరకాల అప్పులు ఉన్నాయా అన్నదానికి 10. మిగతా స్కోర్ల పాళ్లు వేరైనా మామూలుగా పైన ఉండేవి ఈ మొదటి రెండే.

అంటే పెంచుకునే దారి కూడా అక్కడే ఉంది. కట్టడం ఆలస్యమైతే ఆ మచ్చ ఏళ్ల తరబడి ఉంటుంది, దాన్ని డబ్బుతో తుడవలేం. కానీ క్రెడిట్ కార్డు వాడకం మన చేతిలోనే ఉంది. లిమిట్ 100 ఉన్న కార్డులో 90 వాడి, గడువు తేదీకి మొత్తం కట్టేసినా, బిల్లు తయారైన రోజున క్రెడిట్ రిపోర్టుకు, అంటే మీ అప్పుల చిట్టాకు, 90 అనే వెళ్తుంది. బిల్లు తయారయ్యే తేదీకి ముందే ఎక్కువ భాగం కట్టేస్తే రిపోర్టులో పడేది చిన్న అంకె. చాలామందికి ఈ ఒక్క పనితోనే స్కోరు కదులుతుంది. పాత కార్డు వాడట్లేదని ఇల్లు కొనే ముందు మూసేయకండి. లిమిట్ తగ్గి, ఉన్న బాకీయే పెద్దదిగా కనిపిస్తుంది.

నేను జీవితంలో అప్పే చేయలేదు. నా స్కోరు బ్రహ్మాండంగా ఉండాలి కదా?

పాపం, ఇది అడిగినవాళ్లందరూ నిజాయితీగానే అడుగుతారు. అప్పు చేయనివాళ్లకు స్కోరు ఎక్కువ ఉండదు, అసలు ఉండకపోవచ్చు. తీసుకుని తీర్చిన రికార్డు లేదు కాబట్టి లెక్క వేయడానికి స్కోరు ఇచ్చే సంస్థల దగ్గర ఏమీ ఉండదు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అడిగేవాళ్లను తిప్పి పంపొద్దని భారత్‌లో రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు చెప్పింది. అయినా ఏడాది ముందు చిన్న లిమిట్ కార్డు ఒకటి తీసుకుని, నెలనెలా కొంచెం వాడి పూర్తిగా కట్టేస్తూ ఉంటే పని తేలిక.

రిపోర్టులో తప్పుంటే?

ఉంటుందనే అనుకుని చూడండి. నా విషయమే చెప్తాను. ఎప్పుడో మూసేసిన కార్డు మీద, మూసేశాక పడిన ఏడాది ఫీజు ఒకటి బాకీగా మిగిలిపోయింది. నాకు బిల్లు రాలేదు, ఫోనూ రాలేదు. అప్పుకు దరఖాస్తు చేసే ముందు రిపోర్టు తీస్తే "గడువు మీరిన బాకీ" అని ఎర్ర అక్షరాల్లో కనిపించింది. మొత్తం చూస్తే ఒక పూట ఖర్చంత, దాని కోసం రెండు నెలలు ఉత్తరాలు రాసుకోవాల్సి వచ్చింది. కార్డు మూసినప్పుడు ఇచ్చిన కాగితం ఫైల్లో ఉండబట్టి బతికిపోయాను. ఆ నెలలోనే దరఖాస్తు చేసి ఉంటే నా టెన్షన్ ఊహించుకోండి.

రిపోర్టు తీసుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు. భారత్‌లో ఒక్కో క్రెడిట్ సమాచార సంస్థ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అమెరికాలో మూడు ప్రధాన సంస్థల రిపోర్టులూ ఉచితంగా దొరుకుతాయి. అన్నిట్లోనూ తీయండి, ఒకదాంట్లో లేని తప్పు ఇంకోదాంట్లో ఉంటుంది. కొనడానికి ఆరు నెలల ముందే ఈ పని పెట్టుకుంటే సరిదిద్దుకునే టైము మిగులుతుంది.

నాలుగు బ్యాంకుల్లో అడిగితే స్కోరు పడిపోతుందంటారు, నిజమేనా?

సగం నిజం. మీ రిపోర్టును మీరు చూసుకుంటే ఏమీ కాదు. అప్పు ఇచ్చేవాళ్లు చూస్తే కొద్దిగా తగ్గుతుంది. అయితే ఒకే ఇంటి కోసం నలుగురిని అడగడం సహజమేనని ఫైకో కొత్త వెర్షన్లు 45 రోజుల్లోపు వచ్చిన గృహ రుణ విచారణలన్నిటినీ ఒక్కటిగానే లెక్కిస్తాయి. మీ దేశంలో అలాంటి వెసులుబాటు ఉన్నా లేకపోయినా, నాలుగు పాయింట్లకు భయపడి ఒకే బ్యాంకు చెప్పిన వడ్డీకి తలూపడం మాత్రం నష్టమే. ఎంత నష్టమో కింద చూడండి.

అర శాతం వడ్డీ తేడా అంత పెద్ద విషయమా?

అప్పు 100, కాలం 20 ఏళ్లు. వడ్డీ 8.5 శాతమైతే మొత్తం కట్టేది సుమారు 208. 9 శాతమైతే సుమారు 216. తేడా దాదాపు 8. అంటే అర శాతం తగ్గించుకుంటే, కాలం మొత్తం మీద అప్పులో ఎనిమిది శాతం దాకా మిగులుతుంది. దీన్ని తగ్గించుకోవడానికి కావలసింది మంచి స్కోరు, నలుగురిని అడిగే ఓపిక. ఏ స్కీము దరఖాస్తూ అక్కర్లేదు.

ఇంకో సంగతి. ఆ 8.5 శాతం అప్పులోనే మొదటి నెల కట్టే ఈఎంఐలో దాదాపు 82 శాతం వడ్డీకే పోతుంది, అసలుకు జమయ్యేది 18 శాతమే. పదేళ్లు, అంటే సరిగ్గా సగం కాలం, ఒక్క వాయిదా కూడా తప్పకుండా కట్టాక చూస్తే అసలు ఇంకా 70 మిగిలి ఉంటుంది. సగం తీరిపోయి ఉంటుందని అనుకున్నవాళ్లకు ఆ స్టేట్‌మెంట్ చూస్తే గుండె జారుతుంది. అందుకే మొదటి ఏళ్లలో అదనంగా కట్టే చిన్న మొత్తం కూడా బాగా పనిచేస్తుంది. ముందే కడితే జరిమానా ఉందా లేదా అన్నది మాత్రం సంతకానికి ముందే చూసుకోవాలి. భారత్‌లో వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ (మధ్యలో మారే) వడ్డీ గృహ రుణాలకు అలాంటి జరిమానా వేయకూడదు.

ఈఎంఐ తగ్గుతుందని 30 ఏళ్లు పెట్టుకోమంటున్నారు. పెట్టుకోవచ్చా?

అదే 8.5 శాతానికి 20 ఏళ్ల బదులు 30 ఏళ్లు పెడితే ఈఎంఐ 11 శాతం పైచిలుకు తగ్గుతుంది. మొత్తం కట్టేది 208 నుంచి 277కి పెరుగుతుంది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని మీరే చెప్పండి. ఆదాయం నిలకడగా లేనివాళ్లు 30 పెట్టుకుని, వీలున్నప్పుడల్లా అదనంగా కట్టడం మాత్రం తెలివైన పనే.

స్కోరు బాగుంది, అయినా అడిగినంత ఇవ్వలేమంటున్నారు. ఎందుకు?

స్కోరు మీ నడవడికను చెబుతుంది, స్తోమతను కాదు. జీతంలో ఇప్పటికే ఎంత వాయిదాలకు పోతోందో బ్యాంకు విడిగా చూస్తుంది. ఇంటి ఖర్చు ఆదాయంలో 28 శాతం, అన్ని అప్పులూ కలిపి 36 శాతం దాటకూడదన్నది అమెరికాలో పాత లెక్క. అక్కడా, వేరే దేశాల్లోనూ చాలా బ్యాంకులు ఇంతకు మించే ఇస్తాయి. అప్పు ఇస్తామన్నారు కదా అని అంతా తీసుకోవడం వేరే విషయం. కారు వాయిదా నాలుగు నెలల్లో తీరిపోయేలా ఉంటే, ముందు అది తీర్చి అప్పుడు అడగండి, అర్హత పెరుగుతుంది.

డౌన్ పేమెంట్ ఎంత పెట్టాలి? చేతిలో ఉన్నదంతా పెట్టేయాలా?

భారత్‌లో 30 లక్షల రూపాయల వరకు అప్పైతే బ్యాంకు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చు. 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు మామూలుగా ఆ విలువలోకి రావు, అవి మీ జేబులోంచే. అమెరికాలో మామూలు అప్పుకు 20 శాతం కన్నా తక్కువ పెడితే మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ అదనం. ఆ ఇన్సూరెన్స్ కాపాడేది బ్యాంకును, మిమ్మల్ని కాదు. అప్పు, కొన్నప్పటి ఇంటి విలువలో 80 శాతానికి దిగాక తీసేయమని అడగవచ్చు. 78కి దిగితే మామూలుగా వాళ్లంతట వాళ్లే తీసేయాలి. అడగనివాళ్లు ఆ రెండు శాతం తగ్గేదాకా ఊరికే కట్టుకుంటూ ఉంటారు.

రెండో ప్రశ్నకు జవాబు, వద్దు. తాళాలు చేతికొచ్చిన వారంలోనే ఏదో ఒక పైపు కారుతుంది. కనీసం ఆరు నెలల వాయిదాలకు సరిపడా పక్కన పెట్టుకుని, మిగిలినదే డౌన్ పేమెంట్ అనుకోండి.

ఇద్దరం కలిసి అప్పు తీసుకుంటే లాభమా?

ఇద్దరి ఆదాయం కలుస్తుంది, అర్హత పెరుగుతుంది. ఇద్దరిలో ఒకరి స్కోరు బాగా తక్కువైతే మాత్రం వడ్డీ ఆ తక్కువ స్కోరును బట్టే పడవచ్చు. అలాంటప్పుడు ఒక్కరి పేరుతో వచ్చే అప్పు సరిపోతుందేమో చూడండి. వాయిదా ఆగితే మచ్చ ఇద్దరికీ పడుతుంది, విడిపోయినా సరే. ఒకరికి ఇంతకు ముందు ఇల్లు ఉండి ఉంటే మొదటి ఇంటి రాయితీ ఇద్దరికీ పోయే స్కీములు కూడా ఉన్నాయి.

అప్పు మంజూరైంది. ఇక రిజిస్ట్రేషన్ దాకా నిశ్చింతగా ఉండొచ్చా?

కొత్తింటికి ఫ్రిజ్జు, సోఫా వాయిదాల మీద కొనకుండా ఉంటే ఉండొచ్చు. డబ్బు విడుదల చేసే ముందు బ్యాంకు మళ్లీ రిపోర్టు తీయవచ్చు. కొత్త అప్పు కనిపిస్తే లెక్క మొదటికొస్తుంది. ఉద్యోగం మారడం, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని పెద్ద మొత్తం ఖాతాలో వేసుకోవడం, స్నేహితుడికి హామీ సంతకం పెట్టడం, ఇవి కూడా రిజిస్ట్రేషన్ అయ్యేదాకా వాయిదా వేయండి.

అప్పు ఇవ్వలేమని చెప్పేశారు. ఇప్పుడేం చేయాలి?

కారణం అడగండి. అమెరికాలో కారణం చెప్పడం చట్టప్రకారం వాళ్ల బాధ్యత. రిపోర్టు చూసి కాదన్నట్టయితే 60 రోజుల్లోపు అడిగితే ఆ రిపోర్టు మీకు ఉచితంగా ఇవ్వాలి. వేరే దేశాల్లోనూ రాతపూర్వకంగా అడిగితే చాలా బ్యాంకులు చెబుతాయి. కారణం తెలియకుండా వెంటనే ఇంకో చోట దరఖాస్తు పెడితే, రిపోర్టులో ఇంకో విచారణ చేరడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

స్కీము ఈ నెలాఖరుతో అయిపోతుందట. తొందరపడి కొనేయనా?

ఇల్లు ముందే నచ్చి, కాగితాలు సరిగ్గా ఉంటే గడువు లోపల పూర్తి చేయండి, వచ్చేదాన్ని వదులుకోవడం ఎందుకు. అలా కాకుండా గడువు కోసమే ఇల్లు వెతుకుతుంటే ఒక చిన్న లెక్క వేసుకోండి. పైన చెప్పిన అమెరికా పన్ను క్రెడిట్ కోసం 2010 ఏప్రిల్ 30లోపు ఒప్పందం కుదుర్చుకోవాలన్న గడువు పెట్టినప్పుడు చాలామంది అప్పటిదాకా పరుగులు పెట్టారు. ఆ తర్వాత కొనేవాళ్లు తగ్గిపోయారు. గడువు దాటాక బేరమాడే వీలు మీకే ఎక్కువ. స్కీము ఇచ్చేది ఇంటి ధరలో 2 శాతమనుకోండి. బేరంలో 2 శాతం తగ్గించగలిగితే అదే డబ్బు షరతులు లేకుండా వచ్చినట్టు. పైగా దాన్ని మూడేళ్ల తర్వాత వచ్చి ఎవరూ వెనక్కి అడగరు.